మొదటి మెట్టు

పది పన్నెండు వేల రూపాయల ఎలక్ట్రిక్ గిటార్‌ను అట్టపెట్టెలోంచి తీసేసరికి దాని పని ఇంకా కొంత మిగిలే ఉంటుంది. కర్ర కోయడం, రంగు వేయడం, మెట్లు దిగ్గొట్టడం యంత్రాలు చకచకా చేసేస్తాయి. కంప్యూటర్ నడిపే కోత యంత్రాలు వచ్చాక కొలతల్లో చవక గిటార్ కూడా బాగానే నిలబడుతోంది. తేడా అంతా చివర్లో, చేత్తో చేయాల్సిన పనిలో వస్తుంది. ఒక మనిషి ఆకురాయి పట్టుకుని, తీగ తీగనూ మీటి వింటూ, కొంచెం రాస్తూ, మళ్లీ వింటూ చేసే పని అది. ఇండోనేషియాలోనో చైనాలోనో ఆ పనికి కూలి కలిపితే ఈ ధరకు గిటార్ రాదు. అందుకని అది కొన్నవాళ్లకే మిగులుతుంది. ఆ సంగతి వాళ్లకు ఎవరూ చెప్పరు. నా బాధంతా అక్కడే.

ఎందుకంటే ఆ మిగిలిన పనికి శిక్ష అనుభవించేది కొత్తగా నేర్చుకునే పిల్లలు. సి కార్డ్ వరకు ఉత్సాహంగా వస్తారు. ఎఫ్ దగ్గర ఆగిపోతారు. చూపుడువేలు మొదటి ఫ్రెట్ (మెట్టు) మీద అడ్డంగా పరిచి ఆరు తీగలనూ ఒక్కసారే నొక్కాలి. వేలు కోసుకుపోతుంది, రెండు తీగలు పలకనే పలకవు. కొన్నాళ్లు చూసి, "నా వేళ్లు పొట్టివి", "నాకు రాసిపెట్టి లేదు" అనుకుని గిటార్‌ను బీరువా పక్కన నిలబెట్టేస్తారు. అందులో చాలామందికి అడ్డుపడింది నట్.

మెడ చివర, తీగలు బిరడాల వైపు వెళ్లేముందు ఆనుకునే సన్నటి పట్టీ అది. చవక గిటార్లలో ఎక్కువగా ప్లాస్టిక్‌ది. దాని మీద ఆరు గాడులుంటాయి. గాడి లోతు ఎక్కువైతే వట్టి తీగ మీటగానే మెట్టుకు తగిలి జుయ్యిమంటుంది, కొన్నవాళ్లు వెంటనే కనిపెడతారు, సరుకు వెనక్కి వస్తుంది. లోతు తక్కువైతే నొక్కడం కష్టమవుతుంది కానీ, కొత్తవాళ్లకు అది లోపమని తెలియదు. అందుకే తయారుచేసేవాళ్లు గాడిని పైపైనే కోసి వదిలేస్తారు. పరీక్ష చాలా తేలిక. మూడో ఫ్రెట్ దగ్గర తీగను నొక్కి పట్టుకుని మొదటి ఫ్రెట్ వైపు చూడండి. తీగకూ మెట్టుకూ మధ్య వెంట్రుకవాసి సందు ఉండాలి. వేలితో తట్టితే చిన్నగా టిక్కుమనాలి. అక్కడ విజిటింగ్ కార్డు సునాయాసంగా దూరుతోందంటే ఆ గిటార్ మీద ఎఫ్ కార్డ్ పెద్దవాళ్లకూ కష్టమే.

నొప్పి ఒక్కటే అయితే ఓర్చుకోవచ్చు. ఎత్తులో ఉన్న తీగను కిందికి నొక్కితే అది సాగుతుంది, సాగిన తీగ శ్రుతి పెరుగుతుంది. ట్యూనర్‌లో ఆరు తీగలకూ పచ్చలైటు వెలుగుతుంది, సి కార్డ్ మీటగానే మాత్రం ఎక్కడో తేడా కొడుతుంది. మొదటి ఫ్రెట్ దగ్గర ఈ బెడద మరీ ఎక్కువ, పైకి వెళ్లేకొద్దీ తగ్గుతుంది. "ట్యూన్ చేశాను కదా, ఎందుకిలా ఉంది?" అని అడిగే పిల్లవాడి చెవి మంచి చెవి. ఆ మాట వాడికి ఎవరైనా చెప్పాలి.

నట్ మీద ఆకురాయి పెట్టే ముందు మెడ సంగతి తేల్చుకోవాలి. 09 గేజ్ తీగల సెట్‌ను శ్రుతి చేస్తే ఆరూ కలిసి దాదాపు 38 కిలోల బలంతో మెడను ముందుకు లాగుతాయి. ఆ లాగుడుకు ఎదురు నిలిచేది మెడ లోపలి ట్రస్ రాడ్ అనే ఇనుప కడ్డీ. దాన్ని బిగించి వదులు చేసుకునే పద్ధతికి గిబ్సన్ కంపెనీలో పనిచేసిన థాడియస్ మెక్‌హ్యూ 1920ల మొదట్లో పేటెంట్ తీసుకున్నాడు. లియో ఫెండర్ 1950లో తన మొదటి సాలిడ్‌బాడీ గిటార్లను రాడ్ లేకుండానే చేశాడు, కొద్దికాలానికే పెట్టక తప్పలేదు. మొదటి ఫ్రెట్ మీద తీగలను నొక్కి పట్టే కేపో బిగించి, చివరి ఫ్రెట్ దగ్గర తీగను నొక్కితే ఆ తీగే సరళరేఖ అవుతుంది. ఏడు, ఎనిమిది ఫ్రెట్ల దగ్గర దాని కింద పావు మిల్లీమీటరు సందుంటే మెడ సరిగ్గా ఉన్నట్టు. కొలవడానికి ప్రత్యేకమైన సామానేమీ అక్కర్లేదు. బైక్ మెకానిక్ టాపెట్లు సెట్ చేసే ఫీలర్ గేజ్‌లో 0.25 ఆకు ఉంటుంది. సందు ఎక్కువైతే అలెన్ కీతో రాడ్‌ను బిగించాలి, తక్కువైతే వదులు చేయాలి. ఒక్కోసారి పావు చుట్టుకు మించొద్దు. మళ్లీ శ్రుతి చేసి, మళ్లీ కొలవాలి. కీ మొరాయిస్తే బలం చూపించకూడదు. రాడ్ తెగితే ఆ మెడ పనైపోయినట్టే.

తీగల ఎత్తు ఎంత ఉండాలన్నది మీరు ఏం వాయిస్తారన్నదాన్ని బట్టి ఉంటుంది. ఫెండర్ కంపెనీ చెప్పే కొలత 17వ ఫ్రెట్ దగ్గర 1.6 మిల్లీమీటర్లు. మొదలుపెట్టడానికి మంచి కొలతే. చాలామంది దీన్ని ఇంకా తగ్గించాలని పోటీపడతారు. నేను ఆ పక్షం కాదు. పాలకొల్లులో పుట్టిన మాండలిన్ శ్రీనివాస్ జంట తీగల మాండలిన్‌ను పక్కనపెట్టి, ఒంటి తీగల ఎలక్ట్రిక్ మాండలిన్ మీద కర్ణాటక సంగీతాన్ని పలికించాడు. తీగను లాగి గమకం పలికించాలంటే ఒంటి తీగ కావాలి, నాదం నిలవాలంటే విద్యుత్తు కావాలి. అలాంటి వాయింపు మీద మనసున్నవాళ్లు తీగను మరీ కిందికి దించుకోకూడదు. గిటార్ మెడ కొంచెం గుండ్రంగా ఉంటుంది. తీగను పక్కకు లాగేసరికి ఆ గుండ్రం తగిలి నాదం మధ్యలోనే తెగిపోతుంది. ఎక్కువ గమకాలు వాయించేవాళ్లకు అర మిల్లీమీటరు ఎత్తు అదనంగా ఉన్నా మేలే. ఆంప్‌లో వినిపించని చిన్న జుయ్యిమనే చప్పుడు గురించి ఎవరూ నిద్ర చెడగొట్టుకోనక్కర్లేదు.

ఇక స్వరస్థానాలు. బొబ్బిలి వీణకు పేరుపడ్డ గొల్లపల్లిలో పనస కర్రతో వీణ చెక్కాక 24 మెట్లనూ నల్లటి మైనం మీద కూరుస్తారు. చెవితో వింటూ ఒక్కో మెట్టునూ జరిపి, స్వరం కుదిరాక స్థిరపరుస్తారు. కొన్నాళ్లకు మైనం కుంగితే మళ్లీ మేళం కట్టాలి. గిటార్‌లో మెట్టు కర్రలోకి దిగి ఉంటుంది కాబట్టి కదలదు. బదులుగా రెండో చివర తీగ ఆనుకునే సాడిల్ కదులుతుంది. 1954లో వచ్చిన ఫెండర్ స్ట్రాటోకాస్టర్‌లో ఆరు తీగలకూ ఆరు సాడిళ్లు, ఒక్కోదానికి ఒక్కో మర. నేటి చవక గిటార్లలో చాలావాటికి నమూనా అదే. తీగ పొడవు 648 మిల్లీమీటర్లు అనుకుంటే 12వ ఫ్రెట్ 324 దగ్గర, సగంలో ఉంటుంది. తీగను నొక్కితే సాగుతుంది కాబట్టి స్వరం పైకి పోతుంది. తీగ బిరుసైతే ఇంకాస్త పోతుంది. ఆ పెరుగుదలను సరిచేయడానికే సాడిల్‌ను కొద్దిగా వెనక్కి జరిపి పొడవు పెంచుతాం. 12వ ఫ్రెట్ మీద తీగను వేలితో తాకీ తాకనట్టు ఉంచి మీటితే వచ్చే స్వరాన్నీ, నొక్కి మీటితే వచ్చే స్వరాన్నీ ట్యూనర్‌లో పోల్చాలి. నొక్కిన స్వరం ఎక్కువైతే సాడిల్ వెనక్కి, తక్కువైతే ముందుకు. కొత్త తీగలు వేశాకే ఈ పని చేయాలి, పాత తీగలు అబద్ధం చెబుతాయి. సాడిళ్లుండే బ్రిడ్జి సరిగ్గా కుదిరాక దాన్ని పైనుంచి చూడండి. సన్నటి తీగ నుంచి మూడో తీగ వరకు సాడిళ్లు మెల్లగా వెనక్కి జరిగి ఉంటాయి. చుట్టుడు తీగ మొదలయ్యే నాలుగో దగ్గర ఒక్కసారి ముందుకొచ్చి, అక్కణ్నుంచి ఆరో తీగ వరకు మళ్లీ వెనక్కి పోతాయి. పెట్టెలోంచి తీసినప్పుడు ఆరూ ఒకే వరసలో నిలబడి ఉంటే వాటిని ఎవరూ ముట్టుకోలేదన్నమాట.

ఇంత చేశాక కూడా తంబూరా శ్రుతిలో పెరిగిన చెవికి గిటార్ మీద అంతర గాంధారం కొంచెం ఎక్కువగానే వినిపిస్తుంది. నిజంగానే ఎక్కువ. షడ్జానికి 5:4 నిష్పత్తిలో ఉండే గాంధారం 386 సెంట్ల దగ్గర పలుకుతుంది, గిటార్ మెట్లు దాన్ని 400 దగ్గర పెడతాయి. అష్టకాన్ని 12 సమాన భాగాలు చేసిన ఫలితం అది. ఆ 14 సెంట్లు ఏ మర తిప్పినా పోవు. అక్కడికి వచ్చాక స్క్రూడ్రైవర్ కింద పెట్టేయాలి.

లావు తీగ ఒక్కటే రెండు శ్రుతుల్లో పలుకుతున్నట్టు వణుకుతుంటే మాత్రం సాడిల్‌ను అనుమానించకండి. పికప్‌లోని అయస్కాంతం తీగకు మరీ దగ్గరగా ఉండి దాన్ని లాగుతోంది. చివరి ఫ్రెట్ నొక్కి, పికప్‌కూ తీగకూ మధ్య రెండు మిల్లీమీటర్లు ఉండేలా దించితే పోతుంది.

మన ఎండలకు మెడ పలక కర్ర ఎండి కుంచించుకుపోతుంది, లోహం కుంచించుకుపోదు. అందుకే హైదరాబాద్ వేసవిలో మెట్ల కొనలు పక్కనుంచి పొడుచుకొచ్చి చేతికి గీసుకుంటాయి. ఆ కొనలను నున్నటి ఆకురాయితో మెల్లగా రాసేయొచ్చు. మెట్లకు స్టీల్ వూల్‌తో మెరుగు పెట్టేటప్పుడు పికప్‌ల మీద టేపు అంటించడం మరిచిపోవద్దు. ఇనుప రజను అయస్కాంతానికి పట్టిందంటే మళ్లీ వదిలించడం నరకం.

చేతిలో డబ్బుంటే ముందు కొత్త పికప్‌ల మీద పెట్టకండి. ఎముకతో చేసిన నట్ వేయించి, గాడులు కోయించి, ఒక మంచి తీగల సెట్ వేయించండి. ఆకురాయి చేతిలో పట్టే ధైర్యం లేకపోతే, ఆ పని వచ్చినవాళ్ల దగ్గర కూర్చుని వాళ్లు ఎంత తక్కువ రాసి ఎన్నిసార్లు వింటారో చూడండి.

ఏ మరమ్మతుకూ లొంగని లోపం ఒకటుంది, మెలి తిరిగిన మెడ. కొన్న రోజే బ్రిడ్జి వైపు నుంచి ఒక కన్ను మూసి మెడ పొడుగునా చూడండి. మెట్లన్నీ ఒకదానికొకటి సమాంతరంగా కనబడాలి. నట్ ఒక పక్కకు వాలినట్టు ఉంటే ట్రస్ రాడ్ దాన్ని సరిచేయలేదు. వాపసు గడువు చూసుకుని, పెట్టె పారేయకముందే గిటార్‌ను వెనక్కి పంపించేయండి.