కాశ్మీరీ గేటులో దొరకని సరుకు

ఢిల్లీ ఎర్రకోటకు ఉత్తరాన, షాజహానాబాదు ప్రాకారంలో కాశ్మీరు దారికి తెరుచుకునే ద్వారం ఒకటి ఉన్నది. 1857 సెప్టెంబరు 14న కంపెనీ సైన్యం మందుగుండుతో దాని తలుపు పేల్చి నగరంలో ప్రవేశించింది. యాత్రికులు ఆ గోడల మీది ఫిరంగి దెబ్బలను, సమీపంలోని సెయింట్ జేమ్స్ చర్చిని చూసి మరలిపోతారు. ఆ పక్క వీధులలోకి తొంగిచూసేవారు తక్కువ. మోటారు విడిభాగాలకు దేశంలో పేరెన్నిక గన్న బజారు అక్కడే ఉన్నది. పిస్టన్లు, వాల్వులు, గాస్కెట్లు, అరచేతిలో ఇమిడే అర్ధచంద్రాకారపు బేరింగులు, అన్నీ దొరుకుతాయి. కాని ఇంజను ప్రాణం నిలిపే వస్తువొకటి ఏ దుకాణంలోనూ అమ్మరు. అది క్రాంకు షాఫ్టుకూ బేరింగుకూ నడుమ ఉండే సందు.

ఇంగ్లీషువారి ‘క్లియరెన్స్’కు ‘ఖాళీ’ అనవచ్చుననుకున్నాను గాని, అనువాదకుడిగా మనసొప్పలేదు. అది ఖాళీగా ఉండే చోటు కాదు. అక్కడ నూనె ఉండాలి. ఇంజను కదిలే తొలి క్షణాలు దాటిన తరువాత షాఫ్టు బేరింగును తాకదు, నూనె పొర మీద తేలుతూ తిరుగుతుంది. ఈ రహస్యం 1883లో ఇంగ్లండులో బీచాంప్ టవర్ ప్రయోగాలలో బయటపడింది. రైలు ఇరుసు బేరింగు పైభాగాన ఆయన రంధ్రం వేస్తే నూనె పైకి ఉబికింది. బిరడా బిగిస్తే దానిని కూడా తోసివేసింది. అంత ఒత్తిడి ఎలా పుట్టినదో 1886లో ఆస్‌బర్న్ రేనాల్డ్స్ గణితంతో వివరించాడు.

సందు మరీ ఇరుకైతే నూనె పొర నిలవదు, లోహం లోహాన్ని ఒరుసుకొని ఇంజను పట్టేస్తుంది. మరీ వెడల్పయితే నూనె పక్కలకు జారి ఒత్తిడి పడిపోతుంది, లోపల సుత్తి దెబ్బలు మొదలవుతాయి. షాఫ్టు వ్యాసంలో అంగుళానికి వెయ్యోవంతు అంగుళం సందు ఉండాలన్నది పాత లెక్క. ఈ వెయ్యోవంతుకు కార్ఖానాలలో ‘థౌ’ అని పేరు. ఢిల్లీ మిస్త్రీలు ఎనిమిదోవంతు అంగుళాన్ని ‘సూత్’, అంటే నూలుపోగు, అంటారు. ఒక్క సూత్‌లో 125 థౌలు!

ఢిల్లీ రాజధాని ప్రాంతంలో 15 ఏళ్ళు దాటిన పెట్రోలు బండ్లు, 10 ఏళ్ళు దాటిన డీజిలు బండ్లు తిరగరాదన్న హరిత ట్రిబ్యునల్ ఉత్తర్వులను 2018లో సుప్రీంకోర్టు సమర్థించింది. తుక్కుకు ఇవ్వడానికి మనసు రానివారు నిరభ్యంతర పత్రం తీసుకొని బండిని పరరాష్ట్రానికి తరలిస్తూ వచ్చారు. మా ఇరుగింటి తెలుగు పెద్దమనిషి తన అంబాసిడర్‌ను విజయవాడకు నడిపించుకొని పోదలచాడు. ప్రయాణం 1,700 కిలోమీటర్లకు పైమాటే. అంబాసిడర్ తయారీ 2014లోనే ఆగిపోయింది. ఇంజను విప్పించి, షాఫ్టును పది థౌలు సాన పట్టించాడు.

ఎండలో రిక్షా మీద వచ్చిన షాఫ్టును మిస్త్రీ వెంటనే కొలవలేదు. మైక్రోమీటరు పక్కనే బల్ల మీద రాత్రంతా ఉంచాడు. నాకది చాదస్తమనిపించింది గాని, లెక్క వేస్తే అతడిదే న్యాయం. 20 డిగ్రీల తేడాకు రెండంగుళాల ఉక్కు దాదాపు అర థౌ ఉబ్బుతుంది. ప్రపంచమంతటా కొలతలకు 20 డిగ్రీల సెల్సియస్‌ను ప్రమాణంగా 1931లో నిర్ణయించారు. ఢిల్లీ మే నెలలో అంత చల్లదనం ఎక్కడిది? కనీసం షాఫ్టూ కొలకర్రా ఒకే వేడిలో ఉండాలి.

“డబ్బా మీద 010 అని ఉన్నది కదా, మళ్ళీ కొలవడమెందుకు?” అన్నాడు మా పెద్దమనిషి.

“అది బేరింగు కొలత, బాబూజీ. మీ షాఫ్టు కొలత దాని మీద లేదు” అన్నాడు మిస్త్రీ హిందీలో.

అతడు షాఫ్టు మీద సన్నని మైనపు పోగు పరిచి, పైమూతను నిర్ణీత బలంతో బిగించి, షాఫ్టు కదలకుండా మళ్ళీ విప్పాడు. నలిగిన పోగు వెడల్పును కాగితపు కొలబద్దతో సరిచూశాడు. సందు సన్నగా ఉంటే పోగు వెడల్పుగా నలగాలి. మొదటి బేరింగు దగ్గరా చివరిదాని దగ్గరా రెండు థౌలు. నడిమి దాని దగ్గర పోగు సరిగా నలగనే లేదు, నాలుగు థౌలు! సానవాడి చెయ్యి అక్కడ జారింది. తీసివేసిన ఉక్కును తిరిగి అతికించలేరు. మూడింటినీ మరో పది థౌలు తగ్గించవలసిందే.

రెండు రోజులు ఆలస్యం, మళ్ళీ ఖర్చు. పెద్దమనిషి కాసేపు మాట్లాడలేదు. మిస్త్రీ షాఫ్టును నూనెగుడ్డలో చుట్టి రిక్షా ఎక్కించాడు. పెద్దమనిషి 020 డబ్బా కోసం మళ్ళీ కాశ్మీరీ గేటు దారి పట్టాడు.