గీతలో దాగిన బ్రాకెట్లు

కాగితం మీద లెక్క రాసేటప్పుడు సగం సంగతులు చెప్పకుండానే చెల్లిపోతాయి. పైన 3+5 వేసి, అడ్డగీత గీసి, కింద 1+3 వేస్తే చాలు, పై మొత్తాన్ని కింది మొత్తంతో భాగించాలని ఎవరికైనా తెలుస్తుంది. బ్రాకెట్ల పని కూడా ఆ గీతే చేసిపెడుతోందన్న సంగతి గ్రాఫింగ్ కాలిక్యులేటర్ చేతికొచ్చేదాకా తట్టదు. దానిమీద 3+5/1+3 అని ఒకే వరుసలో కొడితే 2 రావాల్సిన చోట 11 వస్తుంది.

1985లో కాసియో తెచ్చిన ఎఫ్ఎక్స్-7000జితో మొదలైన ఈ జాతిలో, అమెరికా హైస్కూలు పిల్లల సంచుల్లో ఎక్కువగా కనిపించేది టీఐ-84 ప్లస్. దాని కంపెనీ ఉన్నది డాలస్‌లోనే. ఆ ఊళ్లోని తెలుగు ఇళ్లలో, లాగ్ టేబుల్స్ తిరగేసి ఇంటర్ గట్టెక్కిన నాన్నలు పిల్లల చేతిలోంచి దాన్ని తీసుకుని తికమకపడేది మైనస్ దగ్గర. మైనస్ మీటలు రెండు! కుడిపక్క వరుసలోది తీసివేతకి. కింద, ఎంటర్ పక్కన బ్రాకెట్లలో ఉన్నది రుణసంఖ్యకి. సమీకరణం రాసే తెరమీద మొదటే తీసివేత మీట నొక్కితే సింటాక్స్ ఎర్రర్. మామూలు తెరమీద నొక్కితే, పాత బాకీ ముందుకు తెచ్చే కొట్టు గుమాస్తాలా, ఇందాకటి జవాబుని తెచ్చి ముందు నిలబెడుతుంది. సరైన మీటే నొక్కి −3² కొట్టినా వచ్చేది −9. ముందు వర్గం, తర్వాతే గుర్తు. 9 కావాలంటే −3ని బ్రాకెట్లో పెట్టాల్సిందే.

పోనీ యంత్రాలైనా ఒక్కమాట మీద ఉంటాయా? 1/2ఎక్స్ అని కొడితే టీఐ-82 ఒకటిని రెండు ఎక్స్‌లతో భాగిస్తుంది. దాని తమ్ముడు టీఐ-83 ఎక్స్‌లో సగం ఇస్తుంది. గుణకారం గుర్తు మింగేసి పక్కపక్కన రాసే మన అలవాటుకి ఇద్దరూ చెరో అర్థం చెప్పుకున్నారు.

తర్వాత ఈ కాలిక్యులేటర్లలోకి మ్యాత్‌ప్రింట్ అనే కొత్త తెర పద్ధతి వచ్చింది. భిన్నం పుస్తకంలోలాగే గీతతో తెరమీద నిలుస్తోంది. హాయే. కానీ కొత్తగా నేర్చుకునే పిల్లలకి మోడ్ మెనూలో పాత పద్ధతైన క్లాసిక్ పెట్టి కొన్నాళ్లు ఒంటివరుసలోనే కొట్టించమంటాను. ఏ బ్రాకెట్ ఎక్కడ మూయాలో తేల్చుకోవాలంటే లెక్కని ముందు సరిగ్గా చదవాలి. ఆ పని మీటలు చేసిపెట్టవు.