భీముడికి ఇంకా తొమ్మిదేళ్ళే!

"మావయ్యా, తప్పు! ఇందాక లడ్డూ కుడి చేతిలో ఉంది, ఇప్పుడు ఎడమ చేతిలో ఉంది!"

మొన్న వేసవిలో పొందూరు వెళ్ళినప్పుడు 'ఛోటా భీమ్' చూస్తూ మా మేనల్లుడు పెట్టిన కేక ఇది. మేనమామోత్సాహం అంటూ ఒకటి ఉంటే, అది నాకు ఆ క్షణంలో కలిగింది :)

ఎందుకంటే ఈ జబ్బు నాదే. 2008లో పోగోలో ఛోటా భీమ్ మొదలైనప్పుడు నేను అయిదో తరగతి. దాన్ని తీసింది మన హైదరాబాదులోని గ్రీన్ గోల్డ్ యానిమేషన్ వాళ్ళని కూడా అప్పట్లో తెలీదు. తప్పులు మాత్రం లెక్కల నోటుపుస్తకం చివరి పేజీల్లో రాసుకునేవాణ్ణి. ఢోలక్‌పూర్‌లో రాజు, కత్తులు, గుర్రాలు ఉంటే క్రికెట్ బ్యాటు ఎక్కణ్ణించి వచ్చింది? ద్వాపరయుగం కృష్ణుడొచ్చి భీమ్‌తో కలిసి సాహసాలు చేస్తాడే, మరిది ఏ యుగం? ఇంద్రవర్మ మహారాజుకి అంత సైన్యం ఉండగా ప్రతిసారీ తొమ్మిదేళ్ళ పిల్లాడే దిక్కా? నాకు బీటెక్ అయిపోయినా వాడికి ఇంకా తొమ్మిదేళ్ళేనా?

ఆ చివరి పేజీలే ఇప్పుడు నా ఉద్యోగం. కోడ్ రివ్యూలో నా కన్ను పడితే ఏదీ తప్పించుకోదని టీమ్‌లో పేరు. కిందటేడాది కొత్తగా చేరిన ఒకమ్మాయి కోడ్‌కి ఒకే రోజు 23 కామెంట్లు రాశాను. అన్నీ కరెక్టే. ఎలా సరిచెయ్యాలో ఒక్కదాంట్లోనూ లేదు. ఆ తర్వాత తను మీటింగుల్లో నోరు విప్పడం మానేసింది. రెండు నెలలకి వేరే టీమ్‌కి మారిపోయింది. 'తట్టుకోలేకపోయింది' అనుకుని ఊరుకున్నాను.

మా నానమ్మ ఇప్పటికీ రాట్నం వడుకుతుంది. వాలుగ చేప దవడతో పత్తిని దువ్వి, నూరో నంబరు నూలు తీసే చెయ్యి అది. దారం వెంట్రుకలా సన్నం, ఊరికే తెగుతుంది. మా ఇద్దరి గోల విని, తెగిన దారాన్ని వేళ్ళతో కలుపుతూనే అడిగింది:

"ఏటిరా గుంటడా, తప్పట్టీసినావు సరే, అతుకెట్టినావా?"

వాడు నవ్వాడు. నాకు నవ్వు రాలేదు.

ఆ రాత్రి అట్ట ముక్కతో భీమ్ బొమ్మ కత్తిరించి, కుడి చేతికి లడ్డూ అంటించాం. టీవీ సిరీస్‌ల టూడీ యానిమేషన్లో ప్రతి బొమ్మా మొదట్నించీ గీస్తూ కూర్చోరు. తల, చేతులు, కాళ్ళు విడివిడి ముక్కలుగా చేసుకుని మళ్ళీ మళ్ళీ వాడతారు. కుడివైపు నడిచే బొమ్మ ఎడమవైపు నడవాలంటే అద్దంలోలా తిప్పేస్తారు. అలా తిప్పగానే మా బొమ్మలో లడ్డూ చెయ్యి మారిపోయింది! "మరి ఎలా బాగుచెయ్యాలి?" అన్నాడు వాడు. చేతుల్ని వేరేగా కత్తిరించి మళ్ళీ అతికించేసరికి గంట పట్టింది. ఒక్క చేతికి, ఒక్క ఫ్రేముకి!

తప్పు పట్టడానికి నాకు పట్టింది అరసెకను.

తిరిగొచ్చాక ఆ అమ్మాయికి సారీ చెబుతూ మెయిల్ పంపాను. జవాబింకా రాలేదు, రాకపోయినా తన తప్పేం లేదు. ఇప్పుడు రివ్యూలో ప్రతి కామెంటు కిందా 'అతుకు' అని ఒక లైను రాస్తున్నాను. అతుకు తోచకపోతే, కామెంటు రాసేముందు వాళ్ళ దగ్గరకెళ్ళి పక్కన కూర్చుంటున్నాను.