చక్కెరను ఇసుక చేసే ఆకు

తిరుపతి నుంచి తలకోన దాదాపు 60 కిలోమీటర్లు. భాకరాపేట ఘాట్ దాటాక దారి పొడవునా శేషాచలం కొండలే. చాలామంది 270 అడుగుల జలపాతం చూసి, ఓ రీల్ తీసుకుని వెనక్కి వచ్చేస్తారు. ఈసారి వెళ్తే మధ్యలో ఊళ్ల కంచెల మీద పాకే ఓ తీగను కూడా చూడండి. ఎదురెదురుగా ఆకులు, చిన్న చిన్న పసుపు పూలు. పేరు పొడపత్రి.

మేం టీ కోసం ఆగిన చోట అది కనిపించింది. నాన్నకు పదేళ్లుగా షుగర్. చక్కెర లేని టీ అడిగేసరికి పక్కనున్న పెద్దాయన రెండాకులు తుంచి ఇచ్చాడు. "బాగా నమిలి ఊసెయ్యండి సార్, తర్వాత రవ్వంత బెల్లం నోట్లో ఏసుకోండి" అన్నాడు. ఆకు చేదు. ఆ తర్వాత బెల్లం వేసుకుంటే మట్టిగడ్డ నమిలినట్టుంది! చక్కెర అయితే అచ్చం ఇసుకే. ఉప్పు, పులుపు మాత్రం మామూలుగానే తెలుస్తున్నాయి.

నాన్న ముఖం వెలిగిపోయింది. "చూశావా, షుగర్‌ని చంపేసింది. ఇంక టాబ్లెట్లు ఎందుకురా?"

అసలు చిక్కు ఇక్కడే ఉంది. పొడపత్రిలో ఉండేవి జిమ్నెమిక్ ఆమ్లాలు. కుంకుడుకాయ నురగకు కారణమైన సపోనిన్ల కుటుంబమే ఇవీ. 1887లోనే ఊటీలో డేవిడ్ హూపర్ అనే రసాయన శాస్త్రవేత్త వీటి గురించి రాశాడు. నాలుక మీద తీపిని గుర్తించే గ్రాహకాలకు ఇవి అతుక్కుంటాయి. దాంతో అరగంట దాకా, ఒక్కోసారి ఇంకా ఎక్కువసేపు, తీపి తెలీదు. అయితే తిన్న బెల్లం ఎక్కడికీ పోదు, రక్తంలోకే వెళ్తుంది. ఫోన్ సైలెంట్‌లో పెడితే మెసేజ్‌లు రావడం ఆగుతుందా? ఇదీ అంతే.

రక్తంలో చక్కెర మీద కూడా పొడపత్రి ప్రభావం గురించి పరిశోధనలు జరిగాయి. కానీ మందు మానేసి దీన్ని నమ్ముకునేంత ఆధారాలు లేవు. పైగా టాబ్లెట్లతో పాటు దీని పొడి వాడితే కొందరిలో షుగర్ మరీ పడిపోవచ్చు. డాక్టర్‌కి చెప్పకుండా మొదలుపెట్టొద్దు.

కారులో నాన్నకు ఇంకో మాట చెప్పాను. ఆయన వేసుకునే మెట్‌ఫార్మిన్ మూలం కూడా ఓ మొక్కే. యూరప్‌లో పెరిగే గలేగాలోని రసాయనం నుంచి మొదలైన పరిశోధన 1957లో ఫ్రాన్స్‌లో మందుగా తేలింది. ఎంత మోతాదు, ఎవరికి పడదు అన్నది ఏళ్ల తరబడి పరీక్షించారు. ఆకుకీ టాబ్లెట్‌కీ తేడా అక్కడుంది. "అయితే రాత్రికి గుర్తుచెయ్" అన్నాడు నాన్న.

మీరూ రుచి చూడాలనుకుంటే ఊళ్లో తెలిసినవాళ్లని అడగండి. తలకోన అడవి నేషనల్ పార్కు, అక్కడ ఆకు కూడా తెంపకూడదు. ఎక్కడైనా సరే, గుర్తుపట్టలేని తీగను మాత్రం నోట్లో పెట్టుకోవద్దు.