మూడున్నర సూతు బోల్టు



రక్తపోటు గురించీ మధుమేహం గురించీ తరచుగా ముచ్చటించే నేను ఈసారి నట్లు, బోల్టుల గురించి రాస్తున్నానంటే మీకు వింతగా తోచవచ్చు. వయసు డెబ్బయి దాటాక ఈ డాక్టరుకు చాదస్తం పట్టుకుందని అనుకున్నా నేను నొచ్చుకోను. అయితే ఈ విషయం కూడా ప్రాణాలతో ముడిపడినదే. పైగా ఇందులో తప్పు చేసినవాణ్ణి నేనే.

నా వద్ద 1978లో తయారైన మార్క్-3 అంబాసిడర్ కారు ఉంది. ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో ఉద్యోగం చేస్తున్న రోజుల్లో సెకండ్‌హ్యాండ్‌లో కొన్నాను. కాన్పు కష్టమైన తల్లులను ఎన్నో రాత్రులు దాని వెనుక సీటులో పడుకోబెట్టి జిల్లా ఆసుపత్రికి తీసుకువెళ్లాను. పదవీ విరమణ తరువాత అది చాలా ఏళ్లు షెడ్డులో టార్పాలిన్ కింద పడి ఉంది. విదేశంలో ఉన్న మా అమ్మాయి పిల్లలతో సంక్రాంతికి వస్తున్నానని చెప్పి, “నాన్నా, పిల్లల్ని మన అంబాసిడర్‌లో ఊరంతా తిప్పాలి” అని అడిగింది. ఆ ఒక్క మాటతో దానికి పునర్జన్మ వచ్చింది.

కారు తయారైన కాలంలో సీటు బెల్టులు తప్పనిసరి కాదు. నా కారుకూ లేవు. కానీ అప్పుడు 5వ నంబరు, ఇప్పుడు 16వ నంబరు అని పిలుస్తున్న జాతీయ రహదారి పక్కన ఉన్న ఆసుపత్రిలో కొన్నేళ్లు క్యాజువాలిటీ చూసినవాణ్ణి. అద్దం పగిలి బయటపడిన శరీరాలను చూసిన కళ్లతో, బెల్టు లేని బండిలో మనవలను కూర్చోబెట్టడం నా వల్ల కాదు. చిన్న లెక్క చెబుతాను. గంటకు 50 కిలోమీటర్ల వేగంతో పోతున్న 70 కిలోల మనిషి అర మీటరు దూరంలో ఆగిపోవాలంటే అతణ్ణి వెనక్కి పట్టి ఉంచవలసిన బలం సుమారు 1,400 కిలోల బరువుకు సమానం. ఆ బలమంతా బెల్టు గుండా ప్రవహించి, చివరకు వేలెడు లావున్న కొన్ని బోల్టుల మీద పడుతుంది. బెల్టు పట్టీని చూసి మురిసిపోయే మనం ఆ బోల్టులను చూడం.

మన హార్డ్‌వేర్ దుకాణాలలో బోల్టు లావును నేటికీ సూతులలో చెబుతారు. సూతు అంటే అంగుళంలో ఎనిమిదో వంతు. మూడు సూతు అన్నా పది ఎం.ఎం. అన్నా ఒకటే అన్నట్లు ఇచ్చేస్తారు. గేటుకూ షెడ్డుకూ అది చెల్లుతుందేమో గాని కారుకు చెల్లదు. అంబాసిడర్ ఇంగ్లండులోని మోరిస్ ఆక్స్‌ఫర్డ్ కారు నుంచి పుట్టినది. దాని పాత 1489 సి.సి. పెట్రోలు ఇంజినులో బోల్టులు అంగుళాల కొలతలో ఉంటాయి. తరువాతి కాలంలో అమర్చిన ఇసుజు ఇంజినుకు మిల్లీమీటర్ల బోల్టులు. నాలుగు చేతులు మారిన బండిలో ఈ రెండు జాతులూ కలగాపులగమై ఉండటం మామూలే. రెండున్నర సూతు బోల్టు లావు 7.94 మిల్లీమీటర్లు. దాని స్థానంలో 8 ఎం.ఎం. బోల్టు పెడితే కంటికి తేడా తెలియదు. కానీ సన్న మర ఉన్న మొదటిదానికి అంగుళానికి 24 చుట్లు, మామూలు 8 ఎం.ఎం. బోల్టుకు ఇరవైకి కాస్త ఎక్కువ. ఒకటి రెండు చుట్లు చేతితో ఎక్కి, ఆపైన బిగుసుకుపోతుంది. తుప్పు వల్ల బిగిసిందనుకొని పానా వేసి తిప్పితే రెండింటి మరలూ పాడవుతాయి. చుట్లను సరిపోల్చే త్రెడ్ గేజి అనే చిన్న పనిముట్టు చవకగానే దొరుకుతుంది. థర్మామీటరు లేని వైద్యుడు ఎలాంటివాడో, అది లేని మరమ్మతుదారుడూ అలాంటివాడే.

మర ముతకగా ఉండాలా, సన్నగా ఉండాలా అన్న ప్రశ్నకు జవాబు నాకు ఆపరేషన్ థియేటరులోనే తెలుసు. ఎముక పైపొర గట్టిది కనుక దానికి దగ్గర చుట్ల స్క్రూ వాడతారు. లోపలి స్పాంజి వంటి ఎముకకు వెడల్పు చుట్ల స్క్రూ కావాలి. కారులోనూ అంతే. అల్యూమినియం, పోత ఇనుము వంటి వాటిలో చేసిన రంధ్రాలకు ముతక మర నప్పుతుంది, ఉక్కు నట్టులోకి పోయే బోల్టుకు సన్న మర నప్పుతుంది. ఇంత తెలిసిన నేనే పొరబడ్డాను.

బెల్టుల కిట్టు తెప్పించాను. నేలరేకు కింద అమర్చే మందపాటి పలకలు, వాటికి అతికించిన నట్లు, బోల్టులు అన్నీ అందులో వచ్చాయి. సీటు బెల్టు బోల్టు సాధారణంగా మూడున్నర సూతు లావు, అంగుళానికి 20 చుట్ల సన్న మర కలిగి ఉంటుంది. మిల్లీమీటర్ల కొలతతో తయారయ్యే కార్లలో కూడా చాలావరకు ఇదే కొలత. పెయింటు పని జరుగుతుండగా ఆ బోల్టులలో రెండు ఎక్కడో పడిపోయాయి. మెకానిక్ కుర్రవాడు హార్డ్‌వేర్ దుకాణం నుంచి మూడున్నర సూతు బోల్టులు తెచ్చాడు. అవి అంగుళానికి 14 చుట్ల ముతక మరవి. నట్టులోకి పోలేదు. “సార్, సైజు అదే కదండీ, నట్టుకు ఒకసారి ట్యాప్ తిప్పితే సరిపోద్ది” అన్నాడు. పండుగ నాలుగు రోజుల్లో ఉంది. సరే అన్నాను. ఆ కుర్రవాణ్ణి తప్పుపట్టను. కానివ్వమన్నది నేను.

బోల్టు ఎక్కింది, బిగిసినట్లే కనిపించింది. ఆ రాత్రి నిద్ర పట్టలేదు. ఉదయాన్నే టార్క్ రెంచి పట్టుకొని కిట్టు కాగితంలో చెప్పిన బిగువుకు తిప్పి చూశాను. టక్కుమని శబ్దం రావాలి. రాలేదు. బోల్టు వెన్నలో తిరిగినట్లు తిరుగుతూనే ఉంది. బయటకు తీస్తే దానితోపాటు నట్టు మర సన్నని తీగచుట్టలా ఊడి వచ్చింది. పాత మరపై కొత్త మర కోయడంతో రెండూ మిగలలేదు. రెంచి వేయకపోయి ఉంటే, ఆ బెల్టు పెట్టుకున్న మా మనవరాలు రోజూ నవ్వుతూ తిరిగేది, బ్రేకు గట్టిగా వేయవలసిన రోజు వరకు.

పలకలు మార్పించాను. బోల్టుల కోసం విజయవాడ ఆటోనగర్‌కు వెళ్లాను. పాత బళ్లు విప్పే చోట ఒక పెద్దాయన అదే కొలత, అదే మర ఉన్న బోల్టులు గుప్పెడు చూపించి, “తీసుకోండి డాక్టరుగారూ, కంపెనీవి” అన్నాడు. ఆయన మాట నిజమే. కానీ అవి ఏ ప్రమాదంలో దెబ్బతిన్న బండివో ఎవరికి తెలుసు? బోల్టు అంటే నిజానికి గట్టి స్ప్రింగు. బిగించినప్పుడు కొద్దిగా సాగి, వెనక్కి లాగుతూ రెండు భాగాలను కలిపి పట్టుకుంటుంది. హద్దు దాటి ఒకసారి సాగినది మళ్లీ మునుపటి స్థితికి రాదు, బెణికి వదులైన కీలుబంధం లాగానే. ఆయనకు నమస్కరించి, కొత్త విడిభాగాలు అమ్మే కౌంటరులో సీలు తీయనివి కొన్నాను.

తలపై గుర్తులు చదవడం కూడా నేర్చుకోండి. మిల్లీమీటర్ల బోల్టు తలపై 8.8 అని ఉంటే, అది తెగే బలం చదరపు మిల్లీమీటరుకు సుమారు 800 న్యూటన్లు, శాశ్వతంగా సాగడం మొదలయ్యేది అందులో 80 శాతం వద్ద. అంగుళాల బోల్టుపై మూడు గీతలుంటే దాదాపు ఆ కోవకు చెందినది, ఆరు గీతలుంటే అంతకంటే బలమైనది. ఏ గుర్తూ లేనిదాని బలం ఊహ మాత్రమే. మెరిసే స్టెయిన్‌లెస్ బోల్టులు చూసి నేనూ మోజుపడి ఒక పెట్టె కొన్నాను. ఏ2-70 రకం స్టెయిన్‌లెస్ చదరపు మిల్లీమీటరుకు 450 న్యూటన్ల వద్దే సాగడం మొదలవుతుంది. 8.8 రకానికి ఆ హద్దు 640. పైగా అల్యూమినియంతో కలిసి తడిసినప్పుడు అల్యూమినియంను తినేస్తుంది. ఎముకలో పలక ఒక లోహం, స్క్రూ మరో లోహం పెట్టకూడదని మేము నేర్చుకున్న కారణం కూడా అదే. స్టీరింగు, బ్రేకులు, బెల్టులు ఉన్నచోట మెరుపును నమ్మకండి.

ఇక వైద్యునిగా చెప్పక తప్పని మాట. ఆ కుర్రవాడే ఒకనాడు వెనుక స్ప్రింగు వద్ద పట్టేసిన నట్టును కాల్చడానికి గ్యాసు మంట వెలిగించాడు. చేయి పట్టుకొని ఆపాను. ఆ కాలపు బోల్టులకు తుప్పు పట్టకుండా కాడ్మియం పూత వేసేవారు. చూపుతో దాన్ని జింకు పూత నుంచి వేరుచేయలేం. కాడ్మియం 321 డిగ్రీల సెల్సియస్ వద్దే కరుగుతుంది, మంట తగిలితే పొగగా లేస్తుంది. ఆ పొగ పీల్చినవారికి కొన్ని గంటల వరకు ఏమీ తెలియదు. తరువాత చలిజ్వరం, దగ్గు, ఫ్లూ లాగా. జింకు పొగ జ్వరమైతే ఒకటి రెండు రోజుల్లో తగ్గిపోతుంది. కాడ్మియమైతే ఊపిరితిత్తులలో నీరు చేరి ప్రాణం తీయగలదు. మొదటి రోజు రెండూ ఒకేలా ఉంటాయి. కనుక పాత బోల్టును కాల్చిన తరువాత జ్వరం, ఆయాసం వస్తే ఇంట్లో మాత్ర మింగి పడుకోకండి. ఆసుపత్రికి వెళ్లి, ఏం కాల్చారో కూడా వైద్యునికి చెప్పండి. మేము ఆ నట్టును నూనెలో రాత్రంతా నానబెట్టి, ఉదయం రంపపు బ్లేడుతో కోశాం. గంట పట్టింది. తుప్పు గీసుకున్న కుర్రవాడి వేలికి కట్టు కట్టి, ధనుర్వాతం టీకా ఎప్పుడు వేయించుకున్నావని అడిగితే, “బళ్లో ఉన్నప్పుడండి” అన్నాడు. వెంటనే వేయించాను.

కనుమ మరునాడు పిల్లలతో బయలుదేరాం. వెనుక సీటులో మనవడు బెల్టు బిగువుగా ఉందని ఊరి పొలిమేర వరకు సణుగుతూనే ఉన్నాడు. నేను పెట్టెడు కొన్న స్టెయిన్‌లెస్ బోల్టులలో నాలుగు నంబరు ప్లేటును పట్టుకొని తళతళలాడుతున్నాయి. మిగిలినవి షెడ్డులో ఉన్నాయి.