పిడతలో తేనీరు

కలకత్తా చూచివచ్చినవారు సామాన్యముగా 1921లో తెరువబడిన విక్టోరియా స్మారక మందిరమును గూర్చియు, 1943లో రాకపోకలు మొదలైన హౌరా వంతెనను గూర్చియు వ్రాయుదురు. 2001వ సంవత్సరమునుండి ఆ నగరమునకు కోల్‌కతా యనునదియే అధికార నామము. మన పెద్దలు మాత్రము ఇప్పటికిని కలకత్తా యనియే అందురు. నేను వ్రాయబూనినది అచ్చటి యొక చిన్న తేనీటి దుకాణమును గూర్చి. దానికి పేరు వ్రాసిన బోర్డు లేదు. రెండు బల్లలు, ఒక బొగ్గుల పొయ్యి, మసిబారిన యొక కెటిలు, చేతిఫోనుతో డబ్బు చెల్లించుటకు గోడకు అతికించిన యొక చీటి - ఇంతియే దాని యాస్తి.

మా అమ్మగారి పుట్టినిల్లు ఖరగ్‌పూరు. బెంగాలు-నాగపూరు రైల్వే కాలమునుండి పెక్కు తెలుగు కుటుంబములు రైల్వే పనులకై అచ్చటికి పోయి స్థిరపడినవి. వానిలో మా మామయ్యగారి కుటుంబమును ఒకటి. గడచిన క్రిస్మస్ సెలవులలో నేను బరంపురమునుండి వారి యింటికి పోయితిని. ఒకనాడు మామయ్య నన్నును, నాకంటె రెండేండ్లు చిన్నవాడగు తమ కుమారునిని వెంటబెట్టుకొని, పుస్తకములు కొనుటకై కలకత్తాలోని కాలేజీ వీధికి తీసికొనిపోయిరి. ఖరగ్‌పూరునుండి హౌరాకు సుమారు 115 కిలోమీటర్లు.

కాలేజీ వీధిలో కాలిబాట పొడవునను పుస్తకముల అంగళ్లే. కొన్నవి సంచిలో వేసికొని, ప్రక్క సందులోని ఆ దుకాణమునకు చేరితిమి. దుకాణదారుడు మమ్ము చూచి "చా ఖాబే?" అని యడిగెను. మనము తేనీరు త్రాగుదుము. వంగీయులు తేనీటిని 'తిందురు'. మంచినీరును వారి మాటలో 'తినునదియే'. నాకు నవ్వు వచ్చెను. మా బావమరిదికి మాత్రము అందు వింత యేమియు కనబడలేదు. వాడు వంగ మాధ్యమమున చదువుకొనుచున్నాడు.

తేనీరు చిన్న మట్టిపాత్రలో పోసి యిచ్చిరి. దానిని అచ్చట భాఁడ్ అందురు. అది ఒక్కమారు వాడి పారవేయదగినది. మట్టినుండి వచ్చి మట్టిలో కలియును. వేడి తేనీరు పోయగనే తొలివాన పడిన నేలవాసన వచ్చెను. "ఇది మన పిడతయే కదా!" అంటిని. "పిడత అంటే ఏమిటి బావా?" అని వాడు అడిగెను. వాడు ఇంట తెలుగే మాటలాడును. కాని యీ మాట వాని చెవిని పడలేదు.

దుకాణము ప్రక్కనే ఒకడు ఝాల్‌ముడి అమ్ముచుండెను. మరమరాలు, ఉల్లిపాయ, పచ్చిమిరప, ఉడికించిన బంగాళాదుంప, వేరుసెనగపప్పు డబ్బాలో వేసి, ఆవనూనె చిలికి, గరిటతో గలగల కలిపి కాగితపు పొట్లములో పోసి యిచ్చును. మన తెలుగుసీమలో అమ్ము పిడతకింద పప్పునకు ఇది దగ్గరి చుట్టమే; ముక్కునకెక్కు ఆవనూనె ఘాటు మాత్రము దానికే సొంతము. వేరొక మూకుటిలో బేగుని వేగుచుండెను. అది పలుచగా కోసిన వంకాయతో చేయు బజ్జీ.

ఆవల ఫుచ్‌కా అమ్మువాడు వెదురు పీటపై గంప నిలిపియుండెను. పొంగిన చిన్న పూరీకి బొటనవ్రేలితో చిల్లి చేసి, బంగాళాదుంప, సెనగలు కలిపిన ముద్ద కూర్చి, చింతపండు నీట ముంచి, ఆకుదొన్నెలో ఒక్కొక్కటిగా వేయుచుండెను. అతడు కొనువారితో వంగభాషలో హాస్యమాడుచు, దొన్నెలందించు తన కుమారునితో మరియొక భాషలో మాటలాడుచుండెను. మామయ్య అది భోజ్‌పురి యనియు, అతడు బీహారునుండి వచ్చినవాడనియు చెప్పిరి. ఆ బాలుడును అట్లే రెండు భాషలను తడబాటు లేక మార్చి మార్చి పలుకుచుండెను.

ఇంటికి వచ్చిన పిమ్మట తేనీటి చరిత్రను కొంత చదివితిని. 1823లో రాబర్ట్ బ్రూస్ అను స్కాట్లండు దేశీయుడు అస్సాములో తేయాకు మొక్కలున్నట్లు తెలిసికొనెను. 1838లో అస్సాము తేయాకు తొలిసారి లండనునకు పంపబడెను. 1903లో తేయాకు ఎగుమతిపై సుంకము విధించి, ఆ ధనముతో వాడుకను పెంచుటకై ప్రచారము సాగించిరి. ఆ కాలేజీ వీధియందే ప్రెసిడెన్సీ కళాశాలలో 1889 నుండి 1916 వరకు రసాయనశాస్త్రము బోధించిన ఆచార్య ప్రఫుల్ల చంద్ర రాయ్‌గారు తేనీటి యలవాటును గట్టిగా నిరసించిరి. అయినను, నేడు తేనీరు లేని కలకత్తా వీధిని ఊహింపజాలము. ఇందు నాకు తోచిన విశేషమొకటి కలదు: తేనీరు వచ్చినదని మరమరాలు పోలేదు. క్రొత్తది పాతదాని ప్రక్కన ఒకే బల్లపై కూర్చున్నది.

ఆనాడు బల్లపై కూర్చుండి మా బావమరిది ఎదుటి బోర్డులన్నియు చదివి నాకు అర్థము చెప్పెను. నేను వాని తెలివికి సంతోషించితిని. కొంతసేపటికి వాడు మెల్లగా, "నువ్వు వెళ్ళిపోయాక నానమ్మకు పుస్తకం ఎవరు చదివిపెడతారు బావా?" అనెను.

మా అమ్మమ్మ తన చిన్ననాట నేర్చిన మంగళహారతులు, ఏలపాటలు, వంటల కొలతలు ఒక నోటుపుస్తకములో వ్రాసికొన్నది. ఇప్పుడామెకు చూపు మందగించినది. ఆ యింట తెలుగు చదువగలవారు మామయ్య యొక్కరే. వారికి తరచు రాత్రి డ్యూటీ. నేనున్న పదిదినములు నేను చదువుచుండ, వాడు ప్రక్కన కూర్చుండి వినుచుండెడివాడు.

మామయ్య మారు పలుకక చేతిలోని పిడతను చూచుచుండిరి. తరువాత "తప్పు వాడిది కాదురా అల్లుడూ, ఇంట్లో మాట్లాడితే చాలుననుకున్నాం" అనిరి.

సోదర విద్యార్థులారా, మనమును ఒడియా నేర్చుచున్నాము; నేర్చియే తీరవలెను. పొరుగువారి భాష మనకు అన్నము పెట్టును, స్నేహితుల నిచ్చును. కాని ఇంటి భాషకు చెవియొక్కటియే చాలదు, కన్నును కావలెను.

బరంపురము చేరగనే వానికి ఒక పెద్దబాలశిక్ష తపాలాలో పంపితిని. గుణింతములు ముగిసినవి, వత్తులు మిగిలియున్నవి. మామయ్య వ్రాసిన దానినిబట్టి, వాడు రాత్రులందు నోటుపుస్తకము ముందు పెట్టుకొని కూర్చుండును. వత్తు వచ్చినచోట ఆగి, అది క్రిందికి ఎట్లు వంగినదో నాయనమ్మకు నోటితో వర్ణించును. ఆమె కన్నులు మూసికొని విని, అది యేమి మాటయో చెప్పును.