రూజ్‌వెల్ట్ అవెన్యూలో దిగితే

న్యూయార్క్‌లో నాకు తెలిసిన తెలుగువాళ్లు చాలామంది నెలసరుకులకు కారు వేసుకుని న్యూజెర్సీలోని ఎడిసన్ వెళ్తారు. ఒక్క కొట్లోనే అన్నీ దొరుకుతాయి, డిక్కీ నింపుకుని వచ్చేస్తారు. నేను మాత్రం సబ్‌వే ఎక్కి క్వీన్స్‌లోని జాక్సన్ హైట్స్ వెళ్తాను. రెండు చేతిసంచుల్లో పట్టేంతే కొంటాను, తిరగడం మాత్రం తనివితీరా తిరుగుతాను.

ఇక్కడ రూజ్‌వెల్ట్ అవెన్యూలో స్టేషన్ మీద స్టేషన్. పైన ఇనుప స్తంభాల మీద 7వ నంబరు రైలు 1917 నుంచి నడుస్తోంది. కింద, 1933లో తెరిచిన భూగర్భ స్టేషన్లో ఇ, ఎఫ్, ఎం, ఆర్ రైళ్లు ఆగుతాయి. రైలు మారేవాళ్లు, బస్సెక్కేవాళ్లు, డ్యూటీ దిగి ఇంటికి పోయేవాళ్లు రోజంతా ఈ నాలుగు వీధుల్లోనే నడుస్తుంటారు. ఈ నడిచే జనం ఉండబట్టే జానెడు జాగాలో కూడా వ్యాపారం సాగుతుంది. లాసా ఫాస్ట్ ఫుడ్ అనే టిబెటన్ హోటల్ మోమోలకు పేరు తెచ్చుకున్నది ఒక సెల్‌ఫోన్ కొట్టు వెనకగదిలోనే.

74వ వీధి మనవాళ్లకు కొత్త కాదు. బంగారు కొట్లు, చీరల కొట్లు, 1974లో షికాగోలో మొదలై ఇక్కడిదాకా వచ్చిన పటేల్ బ్రదర్స్. గోంగూర, దొండకాయలు తీసుకుని చాలామంది ఇక్కణ్నుంచే రైలెక్కేస్తారు. ఒక్క వీధి ఇవతలికి, 73వ వీధికి వస్తే అది బంగ్లాదేశీయులది. బచ్చలి, ఆనపకాయలు, కాకరకాయలు మన సంతలో ఉన్నట్టే గుట్టలుగా ఉంటాయి. లోపల ఫ్రీజర్లో గడ్డకట్టిన ఇలిష్ చేపలు. గోదావరి పక్కన పుట్టినదాన్ని, నాకు ఎవరూ చెప్పనక్కర్లేదు. వరదనీటికి ఎదురీది మా ఏట్లోకి వచ్చే పులసది, దీనిది ఒకే జాతి. నేను చాచా అని పిలిచే కొట్టు పెద్దాయన ఆవాల ముద్ద పట్టించి ఎలా వండుకోవాలో చెప్పారు. మేం చింతపండు పులుసులో బెండకాయలు వేసి, రాత్రి వండి మర్నాడు తింటామన్నాను. వండిన చేపని మర్నాటిదాకా ఎలా వదిలేస్తారని ఆయన నిజంగానే ఆశ్చర్యపోయారు.

బయట ఫుచ్కా బళ్లుంటాయి. మన పానీపూరీకి దగ్గరి చుట్టమే గాని, పైన ఉడికిన కోడిగుడ్డు తురిమి చల్లుతారు. చేతిలో ప్లేటుతో 37వ రోడ్డు మీది డైవర్సిటీ ప్లాజాలో నిలబడి తినొచ్చు. 2011లో ఆ రోడ్డుముక్కలోకి వాహనాలు రాకుండా ఆపి జనానికి వదిలేశారు.

పట్టాల నీడనే 82వ వీధి వైపు నడిస్తే స్పానిష్ మాటలు మొదలవుతాయి. కొలంబియా వాళ్ల బేకరీల్లో అప్పుడే ఓవెన్‌లోంచి తీసిన పాందెబోనో తినండి. కర్రపెండలం పిండి, చీజ్ కలిపి కాల్చే చిన్న రొట్టె అది. సామర్లకోట, పెద్దాపురం మిల్లుల్లో సగ్గుబియ్యం అయ్యేదీ ఈ దుంపే. దాని పుట్టిల్లు దక్షిణ అమెరికా. మా అమ్మ పండక్కి వండే సగ్గుబియ్యం పాయసానికీ, ఆ రొట్టె కాల్చిన ఆమె ఊరికీ ఇంత పాత సంబంధం ఉందని ఆ బేకరీలో నిలబడ్డప్పుడే నాకు తట్టింది. పరాయి దేశంలో నా ఊరి సంగతులు నా వాళ్ల కొట్లోనే దొరుకుతాయనుకునేదాన్ని. అవి పొరుగువాళ్ల కొట్లలోనే ఎక్కువ దొరికాయి.

2020 వసంతంలో కోవిడ్ న్యూయార్క్‌లో ఘోరంగా దెబ్బతీసిన పేటల్లో ఇదీ, పక్కనున్న ఎల్మ్‌హర్స్ట్, కరోనా పేటలూ ఉన్నాయి. వంటవాళ్లు, టాక్సీ డ్రైవర్లు, కొట్లలో పనిచేసేవాళ్లు ఇరుకిళ్లలో ఉండే చోటు. షట్టర్లన్నీ మూసి ఉన్న ఆ వీధులు చూసినవాళ్లెవరూ ఈ కొట్లను తేలిగ్గా తీసుకోరు. ఇవి నాలుగు డాలర్ల బేరాల మీద బతుకుతాయి. మనం నడిచి వెళ్లి కొంటేనే ఉంటాయి.

అందుకే ఎమ్మెస్ చదువుకని ఈ నగరానికి కొత్తగా వచ్చిన మన పిల్లలెవరు కలిసినా మొదట ఇక్కడికే తీసుకెళ్తాను. గోంగూర కొన్నాక వెంటనే రైలెక్కనివ్వను. ఇంకో రెండు వీధులు తిప్పి, ఏదైనా కొత్తది కనబడితే ఎలా వండాలో కొట్టువాళ్లనే అడగమంటాను. వాళ్లు విసుక్కోరు, చేతిలో పని ఆపి మరీ చెబుతారు. అలా ఒకసారి మాట కలిస్తే, మళ్లీ వచ్చినప్పుడు పలకరించే మనిషి ఒకరు ఈ ఊళ్లో వాళ్లకు ఏర్పడినట్టే.